ఉద్యోగ జీవితమున సంకల్ప రక్షణము



ఉగాదినాడు పచ్చడి తిని, పంచాంగము విని, ఈ సంవత్సరమైనను ఒక మంచిపనికి పూనుకొనవలెనని తలపని తెలుగు గృహస్థుడు అరుదు. ఒకరు శాఖాపరీక్షకు పుస్తకములు కొందురు. ఒకరు చిన్ననాట విడిచిపెట్టిన వీణను అటకమీదినుండి దింపింతురు. ఒకరు తమ ఊరి చరిత్ర వ్రాయదలతురు. మరియొకరు మహాభారతమును ఆదిపర్వము మొదలుకొని చదువ నారంభింతురు. వైశాఖము వచ్చుసరికి ఉత్సాహము సన్నగిల్లును. ఆషాఢమునకు వీణ మరల అటక నెక్కును. పుస్తకమున గుర్తుగా పెట్టిన కాగితము ముప్పదవ పుటయందే నిలిచిపోవును. కారణ మడిగినచో అందరును చెప్పు సమాధాన మొక్కటే: "తీరిక లేదు."

ఆ సమాధానము అసత్యము కాదు. స్వస్థలమునకు దూరముగా, పరభాషా ప్రాంతమున కాపురముండు కేంద్రప్రభుత్వోద్యోగికి చిక్కులు తక్కువ కావు. పిల్లల చదువులు, ఊరిలోనున్న తల్లిదండ్రుల అనారోగ్యములు, బస్సులలోను రైళ్లలోను గడచిపోవు గంటలు, ఎప్పుడు వచ్చునో తెలియని బదిలీ ఉత్తరువు. ఇవన్నియు పోగా మిగిలిన కొద్దిపాటి సమయమును చేతిలోని సెల్‌ఫోను మ్రింగివేయును. భర్తృహరి మానవులను మూడు తెగలుగా విభజించి, విఘ్నములకు వెరచి ఆరంభింపనివారిని అధములనియు, ఆరంభించి నడుమ విడుచువారిని మధ్యములనియు, విఘ్నములు ఎన్ని తగిలినను విడువనివారిని ఉత్తములనియు చెప్పెను. ఈ విభాగమును విన్న ప్రతివారును తాము మధ్యములమని నిట్టూర్చి ఊరకుందురు. కాని ఉత్తములనబడినవారు విడువకుండుటకై దినదినమును ఏమి చేసిరి? ఉత్సాహమున్న దినమున ఎవరైనను పని చేయుదురు. ఉత్సాహము లేని దినమున వారేమి చేసిరన్నదే విచారింపదగిన విషయము.

ఈ విచారమునకు దూరదేశముల మహాపురుషులు అక్కరలేదు. సర్కారు కొలువు చేసినవారి కథలే చాలును.

చంద్రశేఖర వేంకట రామన్ గారు 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించిరి. తండ్రిగారు విశాఖపట్టణమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా చేరుటచే ఆయన బాల్యము ఆ తెలుగు పట్టణమున, సముద్రతీరముననే గడచెను. 1907లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలనుండి ఎం.ఏ. పట్టము పొంది, ఆ సంవత్సరమే ఆర్థికశాఖ పోటీపరీక్షలో ప్రథమస్థానము సంపాదించిరి. ఆనాడు ఈ దేశమున భౌతికశాస్త్ర పరిశోధనను నమ్ముకొని బ్రతుకుట దుర్లభము. కావున పందొమ్మిదవ యేట కలకత్తాలో సహాయ అకౌంటెంటు జనరలుగా కొలువున ప్రవేశించిరి. లెక్కల పుస్తకములు, తనిఖీలు, ఫైళ్లు ఆయన పగటివేళను ఆక్రమించెను.

ఒకనాడు ట్రాముబండిలో పోవుచుండగా బౌబజారు వీధిలో ఒక శాస్త్ర పరిశోధక సంస్థ పేరుగల ఫలకము ఆయన కంటబడెను. అది మహేంద్రలాల్ సర్కార్ గారు 1876లో నెలకొల్పిన సంస్థ. అందు ఉపన్యాసశాల ఉండెను, పరికరములు ఉండెను. వానిని వాడి పరిశోధన చేయువారు మాత్రము దాదాపు లేకుండిరి. కార్యదర్శి అమృతలాల్ సర్కార్ గారు ఈ యువకోద్యోగికి సంతోషముతో తలుపు తెరచిరి. నాటినుండి ఆయన దినచర్య యొక్క తీరు ఇట్లుండెడిదని చెప్పుదురు: తెల్లవారుజామున అయిదున్నరకు ప్రయోగశాల, పదిగంటలకు లోపుగా ఇల్లు చేరి స్నానము, భోజనము, పిదప కార్యాలయము, సాయంకాలము అయిదు దాటగనే ఇంటికి పోక తిన్నగా మరల ప్రయోగశాల, రాత్రి తొమ్మిదిన్నరకో పదికో గృహప్రవేశము. ఆదివారములు పూర్తిగా ప్రయోగశాలకే.

ఈ దినచర్యలో గమనింపదగినది శ్రమాధిక్యము కాదు. అంత శ్రమ అందరికి సాధ్యమును కాదు, అవసరమును కాదు. గమనింపదగినవి రెండు. ఒకటి, కార్యాలయమునకు చెందిన కాలమును ఆయన తన పనికై దొంగిలింపలేదు. దానికి ముందువెనుకల నున్న కాలమునే వాడుకొనిరి. రెండవది, "ఈ సాయంకాలము పోవలెనా, వలదా?" అను ప్రశ్నకు ఆయన దినచర్యలో చోటే లేదు. కార్యాలయము వదలిన కాళ్లు తమంతట తాము ప్రయోగశాలకు నడచెడివి. ఇంటికి పోయి, కాఫీ త్రాగి, పడకకుర్చీలో వాలి, పిదప మరల బయలుదేరవలసినచో ఎంతటివారికైనను ఆ ప్రశ్న పుట్టును. పుట్టినచో సగము దినములు "రేపు చూతము" అను సమాధానమే వచ్చును. సంకల్పము ఓడిపోవునది పెద్ద యుద్ధములలో కాదు, పడకకుర్చీలోనే.

అంతలో బదిలీలు వచ్చెను. 1909లో రంగూనుకు, 1910లో నాగపూరుకు పంపబడి 1911లో మరల కలకత్తా చేరిరి. బదిలీ అనునది ఉద్యోగి సంకల్పమునకు గొడ్డలిపెట్టు. అలవాటైన గది పోవును, తోడివారు పోదురు, వేళ తప్పును. ఆ కాలమున ఆయన కలకత్తా ప్రయోగశాలను తలచుకొని చేతులు ముడుచుకొనక, ఉన్నచోటనే ఇంటిలో వీలైనంత పరిశోధన సాగించిరి. పని చిన్నదైనను తీగ తెగలేదు. తెగని తీగకు కలకత్తా చేరగానే పూర్వపు బలము వచ్చెను.

1917లో కలకత్తా విశ్వవిద్యాలయమున పాలిత్ ఆచార్యపదవి లభింపగా, జీతము దాదాపు సగమునకు తగ్గునని తెలిసియు ప్రభుత్వోద్యోగమును విడిచిరి. 1921లో ఇంగ్లండునుండి వచ్చుచు మధ్యధరాసముద్రపు నీలిమను చూచి ఆ రంగునకు కారణమేమని ఆలోచనలో పడిరి. ఆ ప్రశ్నను పట్టుకొని శిష్యులతో ఏడేండ్లు శ్రమింపగా 1928 ఫిబ్రవరి 28వ తేదీన, అదే బౌబజారు వీధి ప్రయోగశాలలో, ఆయన పేరిట వెలసిన కాంతి ఫలితము బయటపడెను. 1930లో నోబెల్ బహుమానము వచ్చెను. లోకము చూచినది 1928వ సంవత్సరమును. దానికి పునాది పడినది 1907 మొదలు ఒక గుమాస్తాల కార్యాలయమునకు అటునిటు మిగిలిన గంటలలో.

అయితే రామన్ గారికి భౌతికశాస్త్రముపై బాల్యమునుండియే మక్కువ ఉండెను. మక్కువయే లేనివారి మాట ఏమని కొందరడుగవచ్చును. ఈ ప్రశ్నకు చార్లెస్ ఫిలిప్ బ్రౌను గారి జీవితము సమాధానము.

బ్రౌను గారు 1798 నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించి, 1817లో ఈస్టిండియా కంపెనీ కొలువునకై మద్రాసు చేరిరి. ఆయన తెలుగు నేర్చినది ప్రేమచేత కాదు, ఉద్యోగమునకు దేశభాషా పరీక్ష తప్పదు గనుక. 1820లో కడపకు నియమితులై, విధిగా ఆ భాషతో కాలము గడపిరి. మచిలీపట్టణమున ఉండగా 1824 ప్రాంతమున ఒక ఫ్రెంచి మతగురువు గ్రంథమున వేమన ప్రస్తావన చూచి, ఆ పద్యముల వ్రాతప్రతులు సేకరింపసాగిరి. అక్కడనుండి ఆసక్తి అంకురించెను. 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించిరి. అనగా భాషతో పరిచయమైన ఏడెనిమిది సంవత్సరములకు గాని ప్రేమ పుట్టలేదు. పని ముందు నడచెను, మక్కువ వెనుక వచ్చెను. "ఆసక్తి కలిగినపుడు మొదలిడుదము" అని వేచియుండువారు ఈ క్రమమును తలక్రిందు చేయుచున్నారు.

కడపలో ఆయన ఒక బంగళా కొని, పండితులను, వ్రాయసకాండ్రను స్వంతజీతమునుండి పోషించి, తాళపత్రములను పరిష్కరింపించిరి. అందుకై అప్పులును చేసిరి. 1834లో కొలువు పోయెను. స్వదేశమునకు మరలి పోవలసివచ్చెను. సాధారణుడైనచో తెలుగు అధ్యాయము అక్కడ ముగిసెడిది. కాని ఆయన లండనులో కంపెనీవారి గ్రంథాలయమున మూలబడియున్న తెలుగు వ్రాతప్రతులను వెదకి, వానిని మద్రాసునకు పంపించు ఏర్పాటు చేసిరి. 1837లో మరల కొలువు దొరకి తిరిగివచ్చిరి. 1840లో వ్యాకరణము, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడెను. మద్రాసులో పోస్టుమాస్టరు జనరలు బాధ్యతలను కూడ నిర్వహించిన ఆ ఉద్యోగి, విరమణానంతరము లండనులో తెలుగు ఆచార్యులై, 1884లో కన్నుమూసిరి. కడపలో ఆయన బంగళా ఉన్నచోటనే నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది.

కడపకు నియమితులైన 1820 నుండి నిఘంటువు వెలసిన 1852 వరకు ముప్పదిరెండు సంవత్సరములు. ఇంతకాలము ఏ మానవుని ఉత్సాహమును ఒకే మట్టమున నిలువదు. నిలిపినది ఏమనగా, పనికి ఆ నాటి భాగము ఎప్పుడును సిద్ధముగా ఉండుట. నిఘంటువు అనగా కొండ. కాని ఒక పదమునకు అర్థము నిర్ణయించుట ఒక దినపు పని. కొండను చూచినవాడు నీరసించును, ఈనాటి పదమును చూచినవాడు కలము పట్టును. ఊరి చరిత్ర వ్రాయదలచిన ఉద్యోగి "చరిత్ర వ్రాయుదును" అని కాక, "ఈ వారము చెరువును గురించి పెద్దల నడిగి ఒక పుట వ్రాయుదును" అనుకొన్నచో, ఆ పుట వ్రాయబడును.

ఈ ఇరువురి కథలు విని గృహిణులు చిరునవ్వు నవ్వవచ్చును. ఆ నవ్వునకు అర్థము లేకపోలేదు. రామన్ గారు రాత్రి పదింటికి ఇల్లు చేరునప్పటికి అన్నము వండి ఉంచినవారొకరు కలరు. ఆ పేరు లోకసుందరీ అమ్మాళ్. బ్రౌను గారికి దొరతనపు జీతమును, సేవకులును ఉండిరి. ఉదయము వంట ముగించి, పిల్లలను బడికి పంపి, కార్యాలయమున ఎనిమిది గంటలు పనిచేసి, సాయంకాలము మరల పొయ్యి వెలిగించు ఉద్యోగినికి అయిదున్నర గంటల ప్రయోగశాల ఎక్కడిది? ఈ మాటను దాటవేసి సంకల్పమునుగూర్చి ఉపన్యసించుట న్యాయము కాదు.

అట్టివారికి బండారు అచ్చమాంబగారి జీవితము సన్నిహితమైనది. 1874లో కృష్ణామండలమున జన్మించిన ఆమె బడికి పోలేదు. చిన్నవయస్సున వివాహమై, నాగపూరులో ఉద్యోగముననున్న భర్త మాధవరావుగారి వెంట పరభాషా ప్రాంతమున కాపురముండిరి. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు ఆ ఇంటనే ఉండి చదువుకొనుచుండగా, అతని ప్రక్కన కూర్చుండి తానును అక్షరములు నేర్చిరి. తెలుగు వచ్చెను, హిందీ వచ్చెను, మరాఠీ వచ్చెను. కన్నబిడ్డలను పోగొట్టుకొను దుఃఖమునుకూడ ఆమె అనుభవించిరి. ఆ ఇంటనుండియే భారతదేశపు స్త్రీల చరిత్రలను సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" వ్రాసిరి. దాని మొదటి భాగము 1901లో వెలువడెను. 1902లో మచిలీపట్టణమున స్త్రీసమాజ స్థాపనలో పాల్గొనిరి. 1905లో, ముప్పదియొకటి నిండకముందే పరమపదించిరి.

ఆమెకు ప్రత్యేకమైన ప్రయోగశాల లేదు, వేతనము లేదు, పట్టము లేదు. ఉన్నది ఒకటి: ఇంటిలో మరియొకరు చదువుకొనువేళ తనకును చదువుకొను చోటు. తమ్ముడు ఆ చోటు ఇచ్చెను; భర్త అడ్డుపడలేదు. ఇందువలన తేలునదేమనగా, ఒకరి సంకల్పము ఇంటిలోని మరియొకరి శ్రమపైనను సమ్మతిపైనను నిలుచును. భర్త పరీక్షకు చదువుకొనునపుడు ఇల్లంతయు నిశ్శబ్దముగా ఉండవలెనని కోరు గృహములలో, భార్య పుస్తకము పట్టిన అరగంటసేపు పాలగిన్నెను ఆయన చూచుకొనుట ధర్మము. ఈ అరగంట మార్పిడి జరుగని ఇంట ఒకరి లక్ష్యము నెరవేరును, మరియొకరిది మూలబడును. అట్టి విజయమున సగము అప్పు క్రింద జమకట్టవలసినదే.

చివర నొక కఠినమైన ప్రశ్న మిగిలియున్నది. ఇంత చేసినను పని పూర్తికాకున్నచో? అచ్చమాంబగారి తమ్ముడగు లక్ష్మణరావు పంతులుగారు మునగాల సంస్థానమున దివానుగా ఉండి, ఆ కొలువు భారమును మోయుచునే గ్రంథాలయ స్థాపనకును, విజ్ఞానచంద్రికా గ్రంథమాలకును పాటుపడి, తుదకు తెలుగున విజ్ఞానసర్వస్వమును కూర్ప పూనుకొనిరి. మూడు సంపుటములు వచ్చెను. 1923 జులైలో, నలుబదియారేండ్ల వయస్సున ఆయన మరణించునాటికి ఆ మహాకార్యము అకారాది విషయములను దాటలేదు. లెక్కలు కట్టువారు దీనిని వైఫల్యమందురు. కాని పిదప కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ పనిని మరల చేపట్టిరి. ఆయన 1938లో గతించిన తరువాత, స్వాతంత్ర్యానంతరము తెలుగు భాషా సమితివారు వేరొక విజ్ఞానసర్వస్వమును సంపుటములుగా వెలువరించిరి. చక్కగా సాగుచున్న పని అసంపూర్ణముగా ఆగినను, అందుకొనువారికి అది కనిపించును. ఆరంభశూరుని పని అట్లు కాదు. అందు అందుకొనుటకు కొస దొరకదు. అందుచేత ప్రతిదినపు పనిని మరియొకరు చదువుకొని కొనసాగింపగల విధమున ముగించి తేదీ వేసి ఉంచుట మంచి అలవాటు. ఆ మరియొకరు పదిదినముల జ్వరమునుండి లేచిన తానే కావచ్చును.

ఇక క్రోడీకరించినచో విషయము ఇంతే. లక్ష్యము ఒకటిగా ఉండవలెను. ఉగాదినాడు అయిదు పూనినవారికి దసరానాటికి ఒకటియు మిగులదు. దానికి వేళ ఏర్పడవలెను, చోటు ఏర్పడవలెను. ఆ రెండును దినదినము తర్కింపబడరాదు. ఆనాటి భాగము, తలనొప్పి ఉన్న దినమునకూడ చేయగలిగినంత చిన్నదిగా ఉండవలెను. బదిలీయో, శోకమో, వ్యాధియో అడ్డుపడినపుడు పనిని తగ్గింపవచ్చును, తెంచరాదు. తెగినను మరల ముడివేయుటకు సిగ్గుపడరాదు. బ్రౌను గారి పని తెగి ముడివడినదే. ఇంటివారి శ్రమకు బదులు తీర్చవలెను. ఉత్సాహమునకై ఎదురుచూడరాదు, అది పని జరుగుచున్న ఇంటికి తానై వచ్చు అతిథి.

సాంస్కృతిక సమాజములకును ఇందొక కర్తవ్యము కలదు. కలకత్తాలో 1876లో దాతలు ఇచ్చిన ధనముతో నెలకొల్పిన సంస్థ చాలకాలము దాదాపు నిర్జనముగా ఉండెను. అయినను తలుపు మూతపడలేదు, పరికరములు అమ్ముడుపోలేదు. ముప్పదియొక సంవత్సరములకు ఒక యువకోద్యోగి వచ్చి తట్టినపుడు, తెరచుటకు లోపల మనిషి ఉండెను. తెలుగు సమాజమునకు ఎంత చిన్నగది ఉన్నను, వారమున ఒక ఉదయము అది మాటలకు కాక మౌనముగా చదువుకొనువారికి, వ్రాయువారికి, సాధన చేయువారికి తెరచి ఉంచబడుగాక. ఇంటిలో చోటు చాలని యువకులును, ఇంటిపని వదలని స్త్రీలును అచట ఒక గంట తమదిగా కూర్చుందురు. నాటకములకును, పండుగలకును సమకూరు శ్రద్ధలో పదవవంతు ఆ గదికి దక్కినను చాలును. ఎవరు వత్తురో, ఎప్పుడు వత్తురో ముందుగా తెలియదు. తలుపు తెరచియుండుట మాత్రము సమాజము చేతిలోని పని.